గుడ్డ వేసిన బల్ల

మా స్లేట్ క్రీక్ పార్కులో ఒక బల్ల మీద గుడ్డ పరిచి నాలుగు మూలలా టేప్ అంటించారంటే, సాయంత్రం గేట్లు మూసేదాకా ఆ బల్ల వాళ్ళది. ఈ మాట ఏ బోర్డు మీదా రాసి లేదు. రాయాల్సిన అవసరం మా లోయలో ఎవరికీ కనిపించలేదు. స్కూల్ పిక్నిక్ రోజున ఊరు ఊరంతా పొద్దున్నే గేటు దగ్గర చేరుతుంది. గేటు తీయడం ఆలస్యం, చంకలో గుడ్డ, ముంజేతికి గాజులా టేప్ చుట్ట వేసుకుని ఆడవాళ్ళు బల్లలుండే షెడ్ల వైపు లగెత్తుతారు. గుడ్డ వేసి, తిండి బుట్టలన్నీ దాని మీదే వదిలేసి, ఇంటిల్లిపాదీ రోలర్ కోస్టర్ ఎక్కడానికి పోతారు. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి క్యాబేజీ నూడుల్స్ గిన్నె పెట్టినచోట పెట్టినట్టే ఉంటుంది.

ఒక ఏడాది యూరిక్ వాళ్ళ కోడలికి గుడ్డ వేసిన కాసేపటికే నొప్పులొచ్చాయి. ఇంట్లో వాళ్ళందరూ ఆమె వెంట ఆసుపత్రికి పోయారు. ఆ రోజు షెడ్లు కిటకిటలాడాయి. జనం పళ్ళేలు చేత్తో పట్టుకుని నిలబడి తిన్నారు గానీ, ఆ ఖాళీ బల్ల దగ్గర ఒక్కరూ కూర్చోలేదు. సాయంత్రం గుడ్డ మడిచి ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇచ్చింది నేనే. ఆడపిల్ల పుట్టింది.

నా పేరు వెర్నా సాబోల్. ఆ షెడ్లను చూసుకునే పని నాది. గేటు దగ్గర ఉండే లూ బార్టక్ నన్ను షెడ్ల మహారాణి అంటాడు. వాడి నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు కాబట్టి నేనూ పట్టించుకోను.

మా పార్కును ఫ్లోరిడా కంపెనీ ఒకటి కొన్నది. కొన్నవాళ్ళు ముందుగా చెత్తబుట్టలకు చక్రాలు పెట్టారు. అవి వాటంతటవే తిరుగుతూ, మన చేతిలో కాగితం కప్పు కనిపిస్తే చాలు, దగ్గరికొచ్చి నోరు తెరుచుకుని నిలబడతాయి. కాఫీ సగం కూడా తాగకముందే ఒకటి నా వెంట పడింది. దాన్ని కాలితో ఒక్కటిచ్చాను. అది నాకు థాంక్యూ చెప్పి వెళ్ళిపోయింది.

తరవాత కంపెనీ మనిషి వచ్చింది. పేరు బ్రిన్ హాలరన్. చిన్నపిల్లే, కానీ మా పార్కంతటికీ పెద్ద ఆవిడే. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, పార్కుల భవిష్యత్తు ఎలా ఉంటుందో గోడంత తెర మీద చూపించింది.

"ఇకమీద క్యూలుండవండీ. చేతికో పట్టీ కట్టుకుంటే చాలు. మీ గుండె ఎలా కొట్టుకుంటోందో చూసి, మీరు ఏ రైడు ఎక్కాలో అదే చెప్పేస్తుంది" అంది.

"నా గుండె చూస్తే ఇంటికి పోయి పడుకోమంటుంది" అన్నాడు లూ.

ఆ పిల్ల నవ్వింది. నవ్వడం వచ్చినందుకు నాకు కొంచెం నచ్చింది. ఆ నచ్చడం ఎంతోసేపు నిలవలేదు. తరవాతి బొమ్మలో మా షెడ్లు లేవు. షెడ్లున్నచోట పెద్ద తెల్లటి గుమ్మటం ఉంది. అందులో కూర్చుంటే అంగారకుడి మీద ఎగురుతున్నట్టు ఉంటుందట.

"మరి జనం తిండి ఎక్కడ తింటారు తల్లీ?" అని అడిగాను.

"అంగారకుడి మీదే అండీ. అక్కడ కెఫే ఉంటుంది."

మా అమ్మ, వాళ్ళమ్మ, మా వీధి వీధంతా ఏటా కూర్చుని తిన్న చోటును ఈ పిల్ల వేలితో అలా పక్కకి తోసేసింది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. లూ నా మోచేతిని పట్టుకున్నాడు, లేచి ఏమైనా విసురుతానేమోనని.

"కూల్చుకుందువు గానీలే. ముందు ఒక్కసారి పిక్నిక్ రోజున వచ్చి చూడు. చూశాక కూడా కూల్చాలనిపిస్తే, మొదటి గునపం నేనే వేస్తా" అన్నాను.

వచ్చింది. తెల్ల బూట్లేసుకుని, చేతిలో పలకలాంటి టాబ్లెట్ పట్టుకుని, షెడ్ల మధ్య దారి తప్పినదానిలా నిలబడింది. గుడ్డలేసిన బల్లలన్నీ తిండితో నిండి ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు. ఒక్క ఆగ్నెస్ కోవల్ మామ్మ ఉంది, మోకాళ్ళ నొప్పుల వల్ల ఏ రైడూ ఎక్కలేక. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మా లోయలో సగం మందిని వెనక సీట్లో కుదురుగా కూర్చోమని కేకలేసింది ఈవిడే.

బ్రిన్ తన టాబ్లెట్‌ను మామ్మ బల్ల మీద పెట్టింది.

"ఆ పలక తియ్యి. అది తిండి తినే చోటు" అంది మామ్మ.

బ్రిన్ గబుక్కున తీసేసి, "ఈ బుట్టలన్నీ ఎవరివి మామ్మగారూ?" అని అడిగింది.

"అవా, యూరిక్ వాళ్ళవి. ఇటువైపువి మాఫీ వాళ్ళవి."

"వాళ్ళేరీ?"

"ఆ కోస్టర్ రైలెక్కి అరుస్తున్నారుగా. వినపట్టంలా?"

"ఎవరైనా ఎత్తుకుపోతే?"

మామ్మ ఆ పిల్లని జాలిగా చూసింది. "ఎందుకెత్తుకుపోతారే పిచ్చిదానా? అడిగితే పెడతాంగా. కూర్చో. పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా, ఆ పలకే తిని బతుకుతున్నావా?"

కూర్చోబెట్టి పెట్టింది. బ్రిన్ రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నది. జనం రైడ్ల నుంచి తిరిగొచ్చాక ఒక్కో బల్ల దగ్గరికీ వెళ్ళి, ప్రతిచోటా ఏదో ఒకటి నోట్లో పెట్టించుకుని, సాయంత్రానికి బెల్టు వదులు చేసుకుంది. ఆ తెల్ల బూట్ల మీద ఆవాల పచ్చడి మరక పడితే తుడుచుకోను కూడా లేదు.

వెళ్ళేముందు నా రెండు చేతులూ పట్టుకుంది. "వెర్నాగారూ, ఇలాంటిదాన్ని తయారుచెయ్యాలని మావాళ్ళు ఏళ్ళ తరబడి తలలు బద్దలుకొట్టుకుంటున్నారు. మీ దగ్గర ఊరికే పడి ఉంది!"

నేను ఉబ్బిపోయాను. అంత ఉబ్బిపోకుండా ఆ మాటలు కాస్త చెవిన పెట్టి ఉంటే బాగుండేది.

గుమ్మటం ఆగింది. పూర్తిగా కాదు, ఒక ఏడాది. వచ్చే పిక్నిక్ రోజున ఫ్లోరిడాలోని పెద్దలు కెమెరాల్లో మా షెడ్లు చూస్తారు. నిండుగా కళకళలాడుతూ కనిపిస్తే షెడ్లు ఉంటాయి, లేకపోతే అంగారకుడే. ఈ షరతు విని నేనూ లూ పడీ పడీ నవ్వాం. పిక్నిక్ రోజున మా షెడ్లు నిండకపోవడమా!

మళ్ళీ ఆ రోజు వచ్చింది. ఎండ బాగా కాసింది, గాలి చల్లగా ఉంది, జనం నిరుటికంటే ఎక్కువ. నేను టిక్కెట్ల గది వెనక కాఫీ తాగుతున్నాను, చెత్తబుట్టకు కనిపించకుండా. లూ పరుగెత్తుకుంటూ వచ్చాడు. లూ పరుగెత్తడం నేనెన్నడూ చూడలేదు.

"వెర్నా, రావే తల్లీ, కొంప మునిగింది!"

వెళ్ళి చూద్దును కదా, జనమంతా షెడ్ల ముందు ఆగిపోయి ఉన్నారు. చంకల్లో గుడ్డలు చంకల్లోనే ఉన్నాయి. షెడ్లలో ప్రతి బల్ల మీదా అప్పటికే ఒక గుడ్డ పరిచి ఉంది. అన్నీ ఒకటే రకం, ఎరుపూ తెలుపూ గళ్ళవి, ఒక్క ముడతయినా లేదు. ప్రతి దాని మీదా ముచ్చటైన బుట్ట, బుట్టలో ప్లాస్టిక్ రొట్టె.

"మన రోజు వేరే ఊరికిచ్చేశారా ఏంటి?" అని ఎవరో అన్నారు.

"ఎవర్ని ముందుగా లోపలికి పంపావురా లూ?" అంది యూరిక్ వాళ్ళ కోడలు. పక్కనే ఆవిడ కూతురు, మూతి ముడుచుకుని.

"మా అమ్మ మీద ఒట్టు! గేటు తాళం నా జేబులోంచి బయటికి రాలేదు!"

కాసేపు గొణుక్కున్నారు. అంతే. తరవాత మా లోయ జనం ఏం చేస్తారో అదే చేశారు. ఎవరో మనకంటే ముందొచ్చారులే అనుకుని, బుట్టలెత్తుకుని, బయట కార్లు నిలిపిన చోటికి నడిచారు. డిక్కీలు తెరిచి వాటి మీదే గుడ్డలు పరుచుకున్నారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఆ గళ్ళ గుడ్డల మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

బ్రిన్ నా దగ్గరికి పరుగున వచ్చింది. చెవిలో ఫ్లోరిడా మాట్లాడే గుండీ ఉంది. ముఖం పాలిపోయింది.

"వెర్నాగారూ, ఎందుకు వెళ్ళిపోతున్నారు? ఇవి వాళ్ళకోసమే! నిరుడు ముసలివాళ్ళు కూడా పొద్దున్నే పరుగెత్తడం చూసి పాపమనిపించింది. వాళ్ళకి శ్రమ లేకుండా రాత్రే మేమే వేయించాం. ఈ రంగు నేనే ఏరాను. మీకు సర్‌ప్రైజ్ చేద్దామని చెప్పలేదు."

ఎంత తిట్టాలనిపించిందో అంత జాలీ వేసింది. నిరుడు అన్నీ చూసింది, అన్నీ తిన్నది, ఆ పరుగును శ్రమ అనుకుంది.

"ఓసి నీ దుంపతెగా! గుడ్డ వేసి ఉంటే ఆ బల్ల ఇంకొకళ్ళదని అర్థం. చచ్చినా కూర్చోరు" అన్నాను.

"కూర్చోమని మైకులో చెప్పిస్తా."

చెప్పించింది. తియ్యటి గొంతు పార్కంతా మోగింది: దయచేసి కూర్చోండి, ఈ బల్లలు మీవే. కార్ల దగ్గర జనం మర్యాదగా విన్నారు, విని శాండ్‌విచ్‌లు పంచుకున్నారు.

నేను ఆగ్నెస్ మామ్మ దగ్గరికి వెళ్ళాను. మడత కుర్చీలో కారు నీడన కూర్చుని ఉంది.

"మామ్మా, అవి కంపెనీ గుడ్డలు. మనకోసమే వేశారంట. నువ్వొచ్చి కూర్చుంటే అందరూ వస్తారు."

"కంపెనీ వేసుకుంటే కంపెనీనే వచ్చి తినమను. ఇంకొకళ్ళు గుడ్డేసిన బల్ల దగ్గర నేను పుట్టి బుద్ధెరిగాక కూర్చోలేదు. ఇప్పుడు ఈ మోకాళ్ళేసుకుని కొత్తగా నేర్చుకోమంటావా?"

"కూర్చోకపోతే షెడ్లు పడగొట్టేస్తారు మామ్మా."

మామ్మ తన గుడ్డ ఒళ్ళో పెట్టుకుని దాని అంచును వేళ్ళతో సాపు చేస్తూ ఉండిపోయింది.

తిరిగి వెళ్ళాను. షెడ్లలో గాలి తప్ప ఏమీ లేదు. పైన కెమెరాలు అటూ ఇటూ తిరుగుతున్నాయి. బ్రిన్ చెవిలో ఫ్లోరిడా ఏమంటోందో నాకు వినపడలేదు గానీ, ఆ పిల్ల "ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం" అంటోంది.

"తీయించెయ్" అన్నాను.

"నావల్ల కాదండీ. ఈ గుడ్డలు చూపించే పై వాళ్ళను ఒప్పించాను. ఇవే తీసేస్తే ఏం చెప్పుకోను?"

అప్పుడు మొదటి బల్ల దగ్గరికి నేనే వెళ్ళాను. టేప్ కింద గోరు పెట్టాను. చెయ్యి కదల్లేదు. నా జన్మలో ఇంకొకళ్ళ గుడ్డ తీసినదాన్ని కాదు నేను. తీయబోయినవాళ్ళని, ఎప్పుడో ఒకరిద్దరు పొరుగూరి వాళ్ళని, పార్కు బయటిదాకా తరిమినదాన్ని. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఎవరి మీద కోపమో తెలియలేదు. కళ్ళు మూసుకుని ఒక్క లాగు లాగాను. ప్లాస్టిక్ రొట్టె నేల మీద పడి దొర్లింది.

కార్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. "వెర్నా!" అని ఎవరో అరిచారు, నేనేదో హత్య చేసినట్టు.

ఆగ్నెస్ మామ్మ లేచింది. కర్ర ఊతంతో, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ వచ్చింది. ఆవిడ వెనక ఊరంతా వచ్చింది. మామ్మ నా ముందు నిలబడింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఎవరిదే ఆ గుడ్డ?" అంది.

"బ్రిన్‌ది మామ్మా."

"మరి ఆ పిల్లకి చెప్పుకోవద్దూ?"

ఊరంతా చూస్తుండగా నేను ఆ పిల్ల వైపు తిరిగాను. "అమ్మా బ్రిన్, నీ గుడ్డ తీసేశాను. తప్పే. మనసులో పెట్టుకోకు."

బ్రిన్ నన్ను చూసింది, నా చేతిలో గుడ్డను చూసింది, మామ్మ వెనక చంకల్లో గుడ్డలతో నిలబడ్డ జనాన్ని చూసింది. అప్పటికి అర్థమైనట్టుంది. వచ్చి, గుడ్డ రెండో కొస పట్టుకుంది. ఇద్దరం కలిసి మడిచాం. తరవాత పక్క బల్ల దగ్గరికి వెళ్ళి టేప్ ఊడదీయడం మొదలుపెట్టింది.

బ్రిన్ తీయడం, వెనకాలే ఎవరో ఒకరు తమ గుడ్డ పరవడం. కాసేపు వరసగానే సాగింది. ఆ తరవాత ఒకటే తొక్కిసలాట. టేప్ చుట్టలు గాల్లో ఎగిరాయి, యూరిక్ వాళ్ళూ మాఫీ వాళ్ళూ మూల బల్ల కోసం పోట్లాడుకున్నారు, పూలవీ చారలవీ చేపల బొమ్మలవీ గుడ్డలు షెడ్ల నిండా పరుచుకున్నాయి. లూ ఎక్కడినుంచో దుప్పటి తెచ్చి ఒక బల్ల పట్టేశాడు.

చివరికి బ్రిన్ గళ్ళ గుడ్డల మోపు గుండెలకి హత్తుకుని మధ్యలో నిలబడిపోయింది. చుట్టూ చూసింది. ఒక్క బల్లా ఖాళీగా లేదు.

"వచ్చే ఏడాది పొద్దున్నే రా తల్లీ" అంది ఆగ్నెస్ మామ్మ, బంగాళాదుంపల గిన్నె మూత తీస్తూ.

అప్పుడే ఆ పిల్ల చెవిలో ఫ్లోరిడా మళ్ళీ ఏదో గట్టిగా అడిగింది. బ్రిన్ కాసేపు విన్నది.

"షెడ్లు నిండిపోయాయి సార్" అంది. "నాకే బల్ల దొరకలేదు."