కాలేయానికి దొరికిన సాకు

వీర్రాజు మందు ముట్టడు. అందులో గొప్పేమీ లేదు. కాలేజీ రోజుల్లో ఒకసారి బీరు వాసనకే వాంతి చేసుకున్నాడు, అప్పట్నించీ దాన్నే నియమంగా చెప్పుకుంటూ వచ్చాడు. అందుకే పంజగుట్టలో డాక్టర్ అనుపమ స్కానింగ్ చూసి, కాలేయానికి కొవ్వు బాగా పట్టిందని చెప్పి, మందు అలవాటుందా అని అడిగేసరికి ఆయన ముఖం మాడిపోయింది. పక్కనే భార్య రత్నమాల ఉంది. ఇంటికొచ్చాక ఆవిడ అల్మరాలో ఆయన చొక్కాల వెనక చెయ్యిపెట్టి, సీసా కోసమన్నట్టు తడమడం వీర్రాజు కంటపడింది.

మైత్రీవనం దగ్గరి ఓ కోచింగ్ సెంటర్లో ఆయన కెమిస్ట్రీ చెబుతాడు. పాలిమర్ల పాఠమంటే ప్రాణం. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి ఏం కలుపుతారో, అవి వేడికీ నూనెకీ ఎలా ఊడివస్తాయో బోర్డు నిండా రాసేవాడు. రాసి, చేతులు దులుపుకుని కిందికి దిగి, విజయేందర్ కర్రీ పాయింట్లో పొగలుకక్కే సాంబారూ, నూనె తేలే గుత్తివంకాయా పల్చటి కవర్లలో కట్టించుకునేవాడు. పై అంతస్తులో చెప్పినదానికీ కింద కట్టించుకున్నదానికీ చుట్టరికం ఉందని ఏనాడూ ఆయన బుర్రకు తట్టలేదు.

మర్నాడు క్లాసుల మధ్య ఫోన్లో వెతుకుతుంటే తట్టింది. ప్లాస్టిక్‌లోంచి వచ్చే థాలేట్లు, బిస్‌ఫినాల్ లాంటివి ఒంట్లో చేరితే వాటిని వదిలించే చాకిరీ కాలేయం మీదే పడుతుందట. అవి ఎక్కువగా ఉన్నవాళ్ళలో ఈ కొవ్వు జబ్బు ఎక్కువగా కనిపిస్తోందని కొన్ని పరిశోధనల్లో తేలిందట. కారణం ఇదేనని ఇంకా రుజువు కాలేదని కూడా ఆ కిందే ఉంది. ప్రశ్నను పూర్తిగా చదవరేమని పిల్లలను రోజూ తిట్టే వీర్రాజు, ఆ వాక్యాన్ని సుఖంగా దాటేశాడు. దిగులు పోయి హుషారొచ్చింది. నేరస్థుడు దొరికాడు. పొట్టకూ, ఆదివారం బిర్యానీకీ ఏ పాపమూ లేదు.

ఆ సాయంత్రమే రత్నమాల దాచుకున్న ప్లాస్టిక్ డబ్బాలన్నీ బయటికి పోయాయి. పచ్చళ్ళు సీసాల్లోకి మారాయి. అమీర్‌పేటలో వెతికి వెతికి పెద్ద స్టీలు క్యారేజీ ఒకటి కొన్నాడు. దాన్ని కర్రీ పాయింట్ ముందు పెట్టి, కవర్ల గురించి అరగంట పాఠం చెప్పాడు.

"మంచిది సార్. నాకు సుత కవర్ల ఫికర్ తప్పుతది" అన్నాడు విజయేందర్. మేష్టారి మీది గౌరవంతో క్యారేజీ గిన్నెలు అంచుల దాకా నింపాడు. కవరుకు ఓ కొలత ఉండేది, గౌరవానికి కొలత లేదు. పారేస్తే పాపమని వీర్రాజు రోజూ మొత్తం తినేశాడు.

కొన్ని నెలలకు, బహుమతి అందుకోబోయేవాడిలా మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. కొవ్వు అలాగే ఉంది, బరువు పెరిగింది. ఆయన థాలేట్ల గురించి మొదలుపెట్టి క్యారేజీ దాకా వచ్చేవరకూ అనుపమ ఓపిగ్గా విన్నది.

"ప్లాస్టిక్‌లో వేడివి తినడం మానేశారు, చాలా మంచిపని. మళ్ళీ మొదలుపెట్టకండి. కానీ మీ కాలేయంలో దాని వాటా ఎంతో నేను చెప్పలేను. అన్నం వాటా మాత్రం ఇక్కణ్ణించే కనబడుతోంది" అంది.

రత్నమాల పకాలున నవ్వింది. నవ్వుతూనే, "అయితే మందు వల్ల కాదుగా డాక్టరుగారూ?" అని అడిగింది. ఆ మాట తేల్చి చెప్పించుకున్నాక గానీ కుర్చీలోంచి లేవలేదు.

ఇంటికి నడిచే వెళదామంది. మెట్రో స్తంభాల వెంట నడుస్తుంటే నెమ్మదిగా చెప్పింది: "మా చిన్నాన్న కూడా ముట్టననే చెప్పేవాడండీ. కళ్ళు పచ్చబడ్డాక గానీ మాకు తెలీలేదు."

ఆవిడ తనను అనుమానిస్తోందని వీర్రాజు ఇన్నాళ్ళూ ఉడికిపోయాడు. కానీ ఆవిడ భయపడుతోంది. తన నిర్దోషిత్వం నిరూపించుకునే హడావుడిలో ఎదురుగా ఉన్న భయాన్ని చూడలేదు. ఎంత తెలివైనవాడినో అని తనను తానే వెక్కిరించుకున్నాడు.

కాసేపటికే ఆయాసం వచ్చింది. ఆ సంగతి చెప్పడం నామోషీగా తోచి, ఓ చీరల షాపు అద్దం ముందు ఆగి లోపలికి తేరిపార చూడసాగాడు.

"ఏ రంగు నచ్చిందండీ?" అంది రత్నమాల.

"ఏదీ కాదు. ఊపిరి అందట్లేదు" అన్నాడు. ఆవిడ ఆయనతోపాటే నిలబడింది.

తరవాత క్యారేజీ సగం నింపితే చాలని విజయేందర్‌ను ఒప్పించడానికి నానా తంటాలూ పడాల్సి వచ్చింది. సార్‌కు కూరలు నచ్చట్లేదేమోనని అతను నొచ్చుకున్నాడు. సాయంత్రాలు ఇద్దరూ నడిచారు. తరవాతి స్కానింగ్‌లో కొవ్వు కాస్త తగ్గింది. మేలు చేసింది క్యారేజీనా, నడకా అని వీర్రాజు పట్టుబట్టి అడిగాడు. తెలీదు, రెండూ మానొద్దు అంది అనుపమ. ఒక్కటే జవాబు గుర్తించండని పిల్లలకు చెప్పి చెప్పి అలవాటైన మనిషికి అది మింగుడుపడలేదు. అయినా పాలిమర్ల పాఠం వచ్చినప్పుడు తన స్కానింగ్ కథ పూసగుచ్చినట్టు చెప్పాడు. క్లాసు నవ్వకముందే తనే నవ్వేశాడు.