పాత మిల్లు పార్టీకి చాటింపు

పంట కాలం కానప్పుడు పల్లికాయల మిల్లును ఊడ్చే అవసరం ఎవరికీ ఉండదు. అయినా ఆ గురువారం పొద్దున యేసయ్య, పెంటమ్మ దంపతులు ముక్కులకు గుడ్డలు కట్టుకొని, పెద్దమందడి దాటాక రోడ్డు పక్కన ఉన్న పాత మిల్లును ఊడుస్తున్నారు. మిల్లు మూతపడి ఆరేళ్లయింది. యజమాని గోవిందు వనపర్తిలో ఉంటాడు. తాళంచెవి యేసయ్య దగ్గర ఉంటుంది. మూలల్లో మోకాలెత్తున పేరుకున్న పొట్టును గంపలకెత్తి బయట పోయడానికి వారికి ఉన్న దారి ఒక్క ఇనుప షట్టరే. వెనుక తలుపు ఒకటి ఉండేది. దొంగలు మోటార్లు ఎత్తుకుపోయాక గోవిందు దానిని ఇటుకలతో మూయించాడు.

"గింతగనం ఊడ్సుడెందుకయ్యా? పిల్లలు కూసోని తినిపోయేటోళ్లే గదా," అంది పెంటమ్మ నడుము పట్టుకొని.

"కూసుంటరో, ఎగుర్తరో! డీజే బాక్సులు వస్తయని చెప్పిండు నీ కొడుకు. పొట్టు లేసిందంటే అందరికీ దగ్గు సురువైతది. ఊడువు."

"ఇప్పుడు నా కొడుకా? పోలీసు డ్రెస్ ఏసుకున్ననాడు నీ కొడుకైతడులే."

యేసయ్య నవ్వుతూ గంప ఎత్తుకున్నాడు.

చూసేవారికి ఇందులో తప్పేమీ కనిపించదు. తల్లిదండ్రులు కొడుకు స్నేహితుల కోసం ఒక చోటు శుభ్రం చేస్తున్నారు, అంతే. కానీ తాము ఊడుస్తున్న నేల మీద శనివారం ఏం జరగబోతోందో ఆ ఇద్దరికీ తెలియదు.

వారి కొడుకు సందీప్‌కు ఇరవై మూడేళ్లు. రెండేళ్లు కాలువ గట్టు మీద తెల్లవారుజామున పరుగెత్తి, కానిస్టేబుల్ ఉద్యోగానికి ఎంపికయ్యాడు. ఇక మిగిలింది అతని నడవడిక గురించిన విచారణ ఒక్కటే. కూలి పనులకు ముంబై దాకా వెళ్లివచ్చిన ఆ ఇంట్లో అదే మొదటి సర్కారు ఉద్యోగం.

నాగర్‌కర్నూల్‌లో కోచింగ్ తీసుకున్నప్పుడు సందీప్ గదిలో గణేష్ అనే కుర్రవాడు ఉండేవాడు. గణేష్ చదువు మానేసి, హైదరాబాద్‌లో సంగీతం పార్టీలు నడపడం మొదలుపెట్టాడు. కంప్యూటర్‌లో తయారయ్యే దరువులు, రంగురంగుల లైట్లు, తెల్లవారేదాకా ఆట. పార్టీ ఎక్కడ జరుగుతుందో వచ్చేవారికి రెండు గంటల ముందు మాత్రమే ఫోన్‌లో తెలుస్తుంది. నగరంలో గస్తీ ఎక్కువైందని ఈసారి గణేష్ చూపు సందీప్ ఊరి మిల్లు మీద పడింది.

"పర్మిషన్ గిట్ల తీసుకున్నవా?" అని సందీప్ అడిగాడు.

"షట్టర్ దించితే అది మన ఇల్లు లెక్కనే. మన ఇంట్ల మనం ఎగిరితే ఎవని పర్మిషన్ రా? నువ్వు ఒక్క సంతకం పెట్టు. ఊరోనివి, నీ పేరైతేనే మిల్లు ఇస్తరు."

సందీప్ కిరాయి కాగితం మీద సంతకం పెట్టాడు. మన పిల్లలు చాలామంది నమ్ముతున్న మాటే అతనూ నమ్మాడు. నాలుగు గోడల మధ్య జరిగేది ఎవరికీ సంబంధం లేదనుకున్నాడు. డబ్బు తీసుకొని వందలమందిని పిలిచినప్పుడు అది ఇల్లు కాదని, దానికి చట్టం వేరే ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనూ ఎవరినీ అడగలేదు.

రహస్యం బయటికి పోకూడదని గణేష్ పదేపదే చెప్పాడు. సందీప్ కూడా తన స్నేహితులందరి దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. తండ్రి దగ్గర మాత్రం నోరు రాలేదు. ఎవరికీ చెప్పకు అంటే ఎందుకు అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు సందీప్ దగ్గర జవాబు లేదు. అందుకే "శనివారం మిల్లుల మా దోస్తుల ప్రోగ్రాం ఉంది నాయినా, డీజే బాక్సులు వస్తయ్" అని మాత్రం చెప్పి ఊరుకున్నాడు.

యేసయ్య చేసే పనే ఊరికి చాటింపు వేయడం.

నాలుగేళ్ల కిందట ఒక పెళ్లిలో డీజే మోతకు అలివేలమ్మ బర్రె పలుపు తెంపుకొని ఉరికి, పాడుబడ్డ బావిలో పడి చచ్చిపోయింది. ఆ తర్వాత పంచాయతీలో అందరూ కూర్చొని ఒక మాట అనుకున్నారు. ఊళ్లోకి ఎవరు బాక్సులు తెచ్చినా, ముందురోజు చాటింపు వేయించాలి. అప్పటి నుంచి బాక్సులు అనే మాట చెవిన పడితే చాలు, యేసయ్యకు ఇంకొకరు చెప్పనవసరం లేదు.

శుక్రవారం పొద్దున్నే అతను డప్పును మంట మీద కాచుకొని బయలుదేరాడు.

"ఇనుండ్రి సుమా! రేపు శనివారం పొద్దుగూకినంక పాత పల్లికాయల మిల్లుల మా సందీపు దోస్తుల డీజే ప్రోగ్రాం ఉన్నది! పట్నం కెల్లి పిల్లలు వస్తుండ్రు! బర్లను దూరం కట్టేసుకోండ్రి! బాలింతలు, గుండెనొప్పి ఉన్నోళ్లు జర పైలం! ఎవలకన్న తక్లీఫ్ ఉంటే ముందుగాల్నే చెప్పుండ్రి!"

సొంత కొడుకు కార్యక్రమం కదా, ఊరితో ఆగలేదు. పొరుగూరి అంగడికి కూడా నడిచి వెళ్లాడు. కూరగాయల వరుసలో ఒకసారి, మేకలు అమ్మే చోట ఒకసారి డప్పు కొట్టి మరీ చాటాడు. ఎవరో వీడియో తీశారు.

ఆ సమయానికి సందీప్ నాగర్‌కర్నూల్ నుంచి నడవడిక పత్రం తీసుకొని బస్సులో తిరిగి వస్తున్నాడు. అంగడి దగ్గర తమ ఊరి మణెమ్మ గంపతో ఎక్కి, అతని పక్కనే కూలబడింది.

"ఏం సందీపూ, రేపు మిల్లుకు మమ్ములను గూడ రానిస్తరా, పట్నం పోరగాళ్లకేనా?"

సందీప్ చప్పున ఆమె వైపు తిరిగాడు. "ఎవలు చెప్పిండ్రు పెద్దమ్మా?"

"ఎవలేంది, మీ నాయిననే! అంగట్ల మేకలు సుత ఇన్నయి."

ఆమె నవ్వు ఆగకముందే గణేష్ ఫోన్ చేశాడు. అతను అప్పటికే వ్యానులో సామాను తెచ్చి మిల్లు దగ్గర దించుతున్నాడు.

"సీక్రెట్ పార్టీకి డప్పు కొట్టిస్తరా రా ఎవడన్న? మీ ఊరి గ్రూపులల్ల మీ నాయిన వీడియోనే తిరుగుతుంది!"

సందీప్ బస్సు దిగి మిల్లు వైపు పరుగెత్తాడు. షట్టర్ ముందు తండ్రి కల్లాపి చల్లుతున్నాడు, లోపల తల్లి మిగిలిన పొట్టు ఊడుస్తోంది.

"ఏం చేసినవ్ నాయినా? అందరికీ ఎందుకు చెప్పినవ్?"

"బాక్సులు వస్తయన్నవ్ గద బిడ్డా. చెప్పొద్దంటే చెప్పకపోదును. దాచమని నువ్వు అన్నవా?"

అప్పుడే చెల్లెలు రేణుక ఒక ఫైలు పట్టుకొని వచ్చింది. ఇంటర్ చదివే ఆ పిల్ల నలుగురిలో నోరు తెరవదు. అన్న రాత బాగుండదని ఉద్యోగం ఫారం తనే నింపింది. పత్రాలన్నీ సర్దుతుంటే ఫైలులో మిల్లు కిరాయి కాగితం కనిపించింది. దాని మీద ఉన్నది అన్న పేరు ఒక్కటే. గణేష్ పేరు ఎక్కడా లేదు.

"అన్నా," అంది తలెత్తకుండా. "నీ మీద కేసులు ఏమన్న ఉన్నయా అని ఫారంల ఒక గడి ఉంది. లేవు అని నేనే రాసిన. కింద సంతకం నీది. రేపటి తర్వాత గూడ అది నిజమే ఉంటదా?"

సందీప్ ఆ కాగితం వైపు, గణేష్ వైపు చూశాడు. గణేష్ వ్యాను వైపు తిరిగి వైర్లు చుడుతున్నట్టు నటించాడు.

అంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది. ముందు సీటులోంచి ఎస్సై సుహాసిని, వెనుక నుంచి అలివేలమ్మ దిగారు. మిల్లును ఆనుకొని ఉన్న ఇల్లు అలివేలమ్మదే. ఆమె కూతురు కాన్పై ఇరవై రోజులు కూడా కాలేదు.

"నేను ఫిర్యాదు చెయ్యలే యేసయ్యా," అంది అలివేలమ్మ గాబరాగా. "పర్మిషన్ ఇచ్చేది ఠాణోళ్లే గదా, ఎన్నింటికి బంద్ చేస్తరో వాళ్లకు తెలుస్తదని అడుగనీకి పోయిన. వాళ్లకే తెల్వదంట!"

సుహాసిని కోప్పడలేదు. లోపలికి వచ్చి చుట్టూ చూసింది. పొలం మోటారు లైను నుంచి కొక్కెం వేసి లాగిన వైరును, గోడల సందుల్లో ఇంకా మిగిలిన పొట్టును చూసింది.

"రేపు ఎంతమంది వస్తున్నరు?"

"మూడు నూర్లమంది, మేడం," అన్నాడు గణేష్.

"అందరూ లోపలికి రండి. రేపు దించినట్టే షట్టర్ దించు."

దించారు. మిట్టమధ్యాహ్నమే లోపల చీకటైంది. ఉన్నది ఏడుగురే. రెండు నిమిషాల్లో ఉక్క మొదలైంది. పొట్టు దుమ్ముకు పెంటమ్మ దగ్గు ఆగలేదు.

"ఇప్పుడు ఏదన్న వైరు అంటుకున్నదనుకో. ఎత్తు," అంది సుహాసిని.

గణేష్ షట్టర్ పట్టుకొని లాగాడు. కదలలేదు. సందీప్ కూడా చేయి వేశాడు. ఇద్దరూ చెమటలు కక్కుతూ లాగినా అది జానెడు కూడా లేవలేదు. చీకట్లో పెంటమ్మ "దేవా" అనడం వినిపించింది.

"జరుగుండ్రి," అంటూ యేసయ్య ముందుకు వచ్చాడు. "ఎడమ మూల కాలితోని తన్ని లేపాలె. లేకుంటే రాదు." అతను తన్నాడు. షట్టర్ కిర్రుమంటూ పైకి లేచింది. అందరూ ఒక్కసారిగా వెలుతురులోకి వచ్చి పడ్డారు.

ఆ ఎడమ మూల సంగతి తెలిసిన మనిషి ఊరంతటికీ ఒక్కడే. రేపు రాత్రి అతను ఇంట్లో నిద్రపోతూ ఉండేవాడు.

గణేష్ ముఖం తుడుచుకొని, చివరికి అడిగాడు. "మేడం, డాన్స్ చేసుడు నేరమా?"

"కాదు," అంది సుహాసిని. "నీ పాటా నేరం కాదు, నీ లైట్లూ కాదు. వందలమందిని పిలిచేటప్పుడు ఠాణాలో అనుమతి తీసుకోవాలి. నిప్పు వస్తే బయటపడే దారులు ఉన్నయని అగ్నిమాపకం వాళ్లు చూడాలి. బాక్సులకు సమయం ఉంటది, చప్పుడుకు హద్దు ఉంటది. కరెంటు దొంగలైనుది కాకూడదు. ఇవన్నీ మిమ్మల్ని ఎగరకుండా ఆపనీకి కాదు, ఎగిరినోళ్లు ఇంటికి పోనీకి. రహస్యం పెట్టేసరికి గీ అడిగేటోళ్లందరినీ మీరే దూరం పెట్టిండ్రు. గీ షట్టర్ సంగతి చెప్పే యేసయ్యను గూడ."

సందీప్ ముందుకు వచ్చి, "నా మీద కేసు అవుతదా మేడం?" అని అడిగాడు.

"జరగని పార్టీకి కేసు ఏముంటది? రద్దు చేసినమని రాసివ్వు, వచ్చేటోళ్లందరికీ ఇప్పుడే చెప్పుండ్రి, ఆ కొక్కెం తీసెయ్యుండ్రి. రేపు రాత్రి జరిగిన తర్వాత నేను వచ్చుంటే మాత్రం వేరే మాట మాట్లాడేదాన్ని. మీ నాయిన చాటింపు ఒకరోజు ముందే నన్ను పిలిచింది."

సందీప్ అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తనకే తెలియలేదు. రేణుక ఫైలు మూసి గుండెకు హత్తుకుంది. గణేష్ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పార్టీ రద్దయిందని చెప్పాడు. కొందరు తిట్టారు. భరించాడు.

నెల తిరగకముందే, ఒక ఆదివారం పెద్దమందడి ఫంక్షన్ హాల్లో అదే సంగీతం మోగింది. గణేష్ ఈసారి అనుమతులన్నీ తెచ్చి, తన పేరు మీదే సంతకం పెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి మొదలై తొమ్మిదింటికి ముగించాలని రాసుకున్నారు. హాలుకు నాలుగు తలుపులు, నాలుగూ బార్లా తెరిచి ఉన్నాయి. మద్యం లేదు. పట్నం పిల్లలు, ఊరి పిల్లలు కలిసి ఆడారు. మణెమ్మ వచ్చి రెండు అడుగులు వేసి, "గీ పాటకు మాటలే లేవేందిరా?" అని అందరినీ నవ్వించింది. సందీప్ విచారణ కూడా అప్పటికే పూర్తయింది. రేణుక రాసిన 'లేవు' అనే మాట నిజంగానే నిలిచింది.

మొదలుపెట్టే ముందు గణేష్ మైకు తెచ్చి యేసయ్య చేతిలో పెట్టాడు. ఏనాడూ మైకు పట్టని ఆ మనిషి దానిని పక్కన పెట్టి, అలవాటైన గొంతుతోనే చెప్పాడు.

"పిల్లలూ, ముప్పై ఏండ్ల సంది సాటింపు ఏస్తున్న. నాకు సదువు లేదు, చట్టం తెల్వదు. ఒక్కటి మాత్రం సమజైంది. మీరు పెట్టుకునే సంబురం ఊరందరి ముందర చెప్పుకునేటట్టు ఉండాలె. చెప్పనీకి భయమైతే, షట్టర్ దించకముందే ఆగి, ఆ భయం ఎందుకో మీ పెద్దోళ్లను ఒక్కసారి అడుగుండ్రి."