నవ్వొచ్చిన దెయ్యం కథ

ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టి మరీ ఆమె గట్టిగా నవ్వింది. బల్ల చివర, బట్టల క్లిప్పు తగిలించి తెరిచి ఉంచిన పుస్తకంలో అప్పుడే ఒక చిన్న దెయ్యం కథ ముగిసింది.

"ఏమైంది?" అంటూ భర్త వచ్చాడు.

"దెయ్యం కథండీ."

"దెయ్యం కథకి నవ్వే మనిషిని నిన్నే చూస్తున్నా. కిటికీలు తీసున్నాయి, కాస్త మెల్లగా."

నవ్వు గురించి ఆమెకు పాఠాలు చెప్పనివాళ్ళు లేరు. ఆమె పళ్ళ ఆసుపత్రిలో రిసెప్షనిస్టు. "పేషెంట్లు వస్తున్నారమ్మా, ముఖం కాస్త నవ్వుతూ పెట్టు" అంటాడు డాక్టరు, ఆమె ఒళ్ళు జ్వరంతో కాలిపోతున్న రోజున కూడా. పెళ్ళైన కొత్తలో ఆడపడుచు "మా వదిన నవ్వితే వీధి చివరికి వినపడుద్ది" అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు, ఆమె తప్ప. బయట లేని నవ్వు తెచ్చిపెట్టుకోవాలి, ఇంట్లో వచ్చిన నవ్వు మింగేయాలి. ఈ రెండింటి మధ్య ఆమెకు మిగిలింది పుస్తకాలే. మొదట్లో వీపు జలదరించడం కోసమే దెయ్యం కథలు చదివేది. రానురాను ఆ భయం అంచున నక్కి ఉండే వెటకారానికి రుచి మరిగింది. తలుపు ఎక్కడ కిర్రుమంటుందో, ఎవరి నీడ ఎవరిది కాదో మొదటి పేరాలోనే పసిగట్టేసేది. ఆ విద్య తనకు ఉందని ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరికీ తెలియదు.

లైబ్రేరియన్‌కు మాత్రం తెలుసు. పుస్తకం తిరిగి ఇస్తూ ఆమె అనే ఒకటీ అరా మాటలకు ముచ్చటపడి, ఆ మధ్యాహ్నం ఆ దెయ్యం కథ మీదే జరిగే పాఠకుల సమావేశంలో మాట్లాడమంది. దింపడానికి వచ్చిన భర్త, ఏం చెబుతుందో చూద్దామని వెనక వరసలో కూర్చున్నాడు.

ముందు ఒక రిటైర్డ్ లెక్చరర్ లేచాడు. "ఇల్లాలు పొయ్యి దగ్గరే ప్రాణం వదిలేస్తుంది. దెయ్యమై మళ్ళీ వంట మొదలుపెడుతుంది. దెయ్యాలు ఉప్పు ముట్టవు కదా, కూరలు చప్పగా ఉన్నాయని ఇంట్లోవాళ్ళు రోజూ అరుస్తారు. అంతే, కథ అయిపోయింది! ఇందులో జడుసుకునేది ఏముందండీ?"

తర్వాత ఆమె లేచి నిలబడింది. మాట తడబడలేదు.

"నేను ముందు నవ్వానండీ. తర్వాత జడుసుకున్నాను. దెయ్యాన్ని చూసి కాదు, 'ఉప్పేదీ' అని అరుస్తూ తల ఎత్తకుండా తినేవాళ్ళని చూసి. ఒక్కరు ఒక్కసారి తల ఎత్తినా ఆవిడ చచ్చిపోయిందని తెలిసిపోయేది. ఎవ్వరూ ఎత్తలేదు. నవ్వించి నవ్వించి, ఆ నవ్వుతోనే గొంతు పట్టుకుంటుంది ఈ కథ."

ముందు వరసలో ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఆ పక్కావిడ అందుకుంది. లెక్చరర్ మాత్రం ఒప్పుకోలేదు. ఆమె కూడా వదల్లేదు. పేజీ తీసి చదివి వినిపించింది, ఆయన ఇంకో పేజీ తీశాడు, ఆమె దానికీ జవాబు చెప్పింది. వాదించడం ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు. మెట్లు దిగుతుంటే ఒళ్ళంతా గర్వంతో తేలిపోయింది. దాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"అందరూ నన్నే చూశారు. మనింటి సంగతే చెప్పావనుకోరూ?" అన్నాడు భర్త దారిలో.

"అనుకుంటే మంచి కథే అన్నమాట" అంది.

ఇంటికి రాగానే అతను తల్లికి ఫిర్యాదు చేశాడు. "నీ కోడలు నలుగురిలో ఏం మాట్లాడిందో అడుగమ్మా!"

అత్తగారు అదేమీ అడగలేదు. "నాకు ఆ సన్నక్షరాలు ఆనవు. ఏదీ, ఆ కథ చదువు" అంది కోడలితో.

ఆమె చదివింది. అత్తగారు పెదవులు బిగించి వింది. ఉప్పు దగ్గరికొచ్చేసరికి ముక్కుతో ఒక శబ్దం చేసింది. ఆ తర్వాత ఆగలేకపోయింది. భుజాలు కదిలిపోయేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. "చచ్చాక కూడా వండిందా, పిచ్చి మొహంది!" ఆ ఇంట అడుగుపెట్టాక అత్తగారు ఇలా పగలబడి నవ్వగా వినడం ఆమెకు ఇదే మొదటిసారి.

హాల్లోంచి భర్త కేక వేశాడు. "కాఫీ ఏమైనా ఉందా ఈ పూట?"

ఆమె అలవాటుకొద్దీ లేవబోయింది. అత్తగారు ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"పాలు గిన్నెలో ఉన్నాయిరా, పెట్టుకో" అంది, కళ్ళు తుడుచుకుంటూ. "మాకూ చెరో కప్పు. నువ్వు ఇంకోటి చదవవే."