వాయవ్య మూల

పాత పంచె నాలుగు కొసల మీదా నాలుగు రాళ్లు పెట్టి, రత్నకుమారి దాని మీద గుమ్మడి వడియాలు పెడుతోంది. ఎండ ముదిరేలోగా పని తెమిలిపోవాలి. ఇదివరకైతే పిండి తప్పేలా ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఈ మధ్య కడుపు అడ్డం వస్తోంది. తప్పేలా పక్కన పెట్టుకుని, చెయ్యి తడుపుకుంటూ, ముద్ద పక్కన ముద్ద పెట్టుకుంటూ పోతోంది.

అత్తగారు దానమ్మ నూతి దగ్గరనుంచి బిందెతో వస్తూ ఆగింది.

"ఆ మూల అంత రాయెందుకే అమ్మాయ్? పంచె చిరుగుద్ది."

రత్నం చూసుకుంది. మూడు మూలల్లోనూ పిడికెడేసి రాళ్లున్నాయి. పడమర, ఉత్తరం కలిసే మూలలో మాత్రం కాళ్లు కడుక్కునే చోటి బండరాయి ఉంది. దాన్ని ఎప్పుడు దొర్లించుకొచ్చిందో తనకే గుర్తు లేదు.

"గాలి అటునుంచేగా అత్తయ్యగారూ వచ్చేది," అంది.

అరుగు మీద వేపపుల్ల నములుతున్న రత్నం భర్త యేసుదాసు ఊరుకోలేదు. "మీ కొల్లేటి గాలి ఏలూరు రావాలంటే టిక్కెట్టు కొనుక్కుని రైలెక్కాలి. వస్తే మనమే స్టేషనుకెళ్లి తీసుకొద్దాంలే."

"బడికి సెలవులిచ్చారు గానీ వీడి నోటికి ఇవ్వలేదు," అంది దానమ్మ.

యేసుదాసు మిషన్ స్కూల్లో గంట కొడతాడు. మాట విసరకుండా గడప దాటడం అతని ఒంట్లోనే లేదు. చుట్ట కొనుక్కోవడానికి వెళ్తున్నా సరే, గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగి ఏదో ఒకటి అని, రత్నం నవ్విందో లేదో చూసుకుని మరీ వెళ్తాడు. రత్నానికి ఆ మాటలంటే ఇష్టమే. కానీ ఈ వేసవిలో ఆ మాటలన్నీ తన పుట్టింటి చుట్టూనే తిరుగుతున్నాయి.

ఆమె పుట్టిల్లు మండవల్లి అవతల, కొల్లేటి ఒడ్డున. అక్కడివన్నీ మట్టిదిబ్బల మీద కట్టుకున్న జమ్ముగడ్డి ఇళ్లు. గాలికి అడ్డుపడే చెట్టన్నది లేదు. వానాకాలంలో కనుచూపు మేరా నీళ్లు, వేసవిలో బీటలు వారిన ఒండ్రు. మధ్యాహ్నం వేళ పడమటి ఆకాశం ఇటుకపొడి రంగుకి తిరిగిందంటే గాలి వచ్చేస్తున్నట్టే. అందుకని ప్రతి కప్పు మీదా పాత వలలు పరిచి, నాలుగు మూలలకీ నాలుగు తాళ్లు కడతారు. తాళ్లని మేకులకి కట్టి ఊరుకుంటే లాభం లేదు. ఎండిన ఒండ్రులో మేకు నిలవదు. గాలి ఒక్క గుంజు గుంజితే ఊడి చేతికొస్తుంది. మనుషులే బయటికి వచ్చి, తలకో మూలా పట్టుకుని, తాడు నడుముకి చుట్టుకుని, మడమలు నేలలో తన్నిపెట్టి వేలాడాలి. గాలి పోయేదాకా అంతే. గాలివానకి ఇంట్లో దూరి కూర్చోవడమన్నది ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు.

వాళ్లింట్లో అమ్మది ఆగ్నేయం, మేనత్త సువార్తమ్మది ఈశాన్యం. గాలి ముందుగా వచ్చి కొట్టేది వాయవ్యానికి. అది మొదట్లో నాన్న వరదానానిది, నైరుతి రత్నానిది. ఒక ఏడు ఆయన పడవ మీంచి జారిపడ్డాడు. కుడి భుజం విరిగి అతుక్కుంది గానీ, చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఆ వేసవి గాలి లేచినప్పుడు రత్నం ఎవరూ చెప్పకుండానే వెళ్లి వాయవ్యం తాడు పట్టుకుంది. నాన్న ఆమె వంక చూసి, నైరుతికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి అది రత్నం మూల. గాలి లేని రోజుల్లో కూడా "రత్నం మూలలో మట్టి జారింది, మెత్తాలి" అనుకునేవాళ్లు.

ఇంటికి నాలుగు పక్కలా నలుగురు ఉంటే ఒకరికొకరు కనపడరు. ఆ దుమ్ములో ఎవరి చెయ్యి వాళ్లకే కనపడదు. అందుకని నాన్న కేకేసేవాడు.

"సువార్తా, పట్టావా?"

"పట్టాను!"

"ఏమే, పట్టావా?"

"పట్టాను!"

"రత్నం, పట్టావా?"

"పట్టాను నాన్నా!"

అంతే. మళ్లీ మొదటినుంచి. ఆ హోరులో ఆ గొంతులు ఇంటి చుట్టూ తిరుగుతుంటే రత్నానికి భయమన్నది తెలిసేది కాదు.

కిందటి ఏడు వానలు వెనకబట్టాక పెళ్లయి ఏలూరు వచ్చింది. అత్తవారింట ఆమెకి ఇదే మొదటి వేసవి. ఎండలు మొదలైన దగ్గర్నుంచీ నాన్న భుజమే కళ్ల ముందు కనపడుతోంది. ఒక రోజు ధైర్యం చేసి అడిగింది.

"రోహిణికార్తె గడిచేదాకా మా ఇంటికి వెళ్లొస్తానండీ."

దానమ్మ కసురుకోలేదు. కసురుకుంటే బాగుండేదనిపించింది. "ఐదో నెల కడుపుతో, ఈ ఎండల్లో, ఎండిపోయిన కొల్లేటి గతుకుల్లో బండి మీద నిన్నెలా పంపను తల్లీ? ఏదన్నా అయితే మీ అమ్మకి నా మొహం ఎలా చూపించను? ఏడో నెల రానీ. నేనే దగ్గరుండి దింపి వస్తాను."

ఏడో నెలకి గాలులు పోయి వానలొస్తాయి. 

"ఇంతకీ నాకో సందేహం," అన్నాడు యేసుదాసు. "తాడుతో పాటు మిమ్మల్ని కూడా గాలి ఎత్తుకుపోతే ఎక్కడ దిగుతారే మీరంతా? తాడేపల్లిగూడెంలో దిగితే మాత్రం మా అమ్మమ్మగారింటికి వెళ్లి మజ్జిగ తాగండి. నా పేరు చెప్పండి."

రత్నం నవ్వింది. నవ్వు ఆగకుండా వచ్చింది. నవ్వుతూనే లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

వడియాలు పెట్టిన రోజే మధ్యాహ్నం ఆకు కదలడం మానేసింది. నూతి పక్క అరటిచెట్టు బొమ్మలా నిలబడిపోయింది. కాకులు చూరు కిందికి చేరాయి. రత్నం పడమటికి చూసి, వడియాల పంచె గబగబా మడిచి లోపల పడేసింది. అప్పటికే వీధిలో తలుపులు వేసుకుంటున్న చప్పుడు వరసగా వినపడుతోంది. యేసుదాసు వీధి తలుపుకి గడియ పెట్టి, అడ్డంగా రోకలి ఆనించాడు. దానమ్మ చీకటిగదిలో మోకరించి ప్రార్థన మొదలుపెట్టింది.

గాలి వచ్చింది. మొదట దుమ్ము, ఆ వెనకనే హోరు. నెత్తి మీద పెంకులు పళ్లు కొరికినట్టు చప్పుడు చేస్తున్నాయి. రత్నం గోడకి ఆనుకుని కూర్చుంది. చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయి. చీరచెంగు పిడికిట్లో బిగించింది, వదిలింది, మళ్లీ బిగించింది. ఇప్పుడు అక్కడ కూడా ఇదే గాలి. ఇప్పుడు నాన్న కేకేస్తూ ఉంటాడు. అత్త జవాబు చెప్పింది. అమ్మ చెప్పింది. తరవాత?

దొడ్డితలుపు ఎప్పుడు తీసిందో ఆమెకే తెలియదు. దొడ్లో వంటపాక ఉంది. తాటాకు కప్పు గాలికి లేచి లేచి పడుతోంది. దాని వాయవ్యపు రాటని రెండు చేతులా కరుచుకుని, మడమలు నేలలో తన్నిపెట్టి, కళ్లు మూసుకుని అరిచింది.

"పట్టాను నాన్నా! పట్టాను!"

ఎవరూ అడగలేదు. ఇంటి కప్పు మీంచి ఒక పెంకు ఎగిరి వచ్చి పక్కనే పడి ముక్కలైంది. దానమ్మ గుమ్మంలో నిలబడి కేకలు పెడుతోంది. యేసుదాసు పరుగెత్తుకొచ్చి, రాటని పట్టుకున్న వేళ్లని ఒక్కొక్కటిగా విడదీసి, ఆమెని ఎత్తుకుని లోపలికి తీసుకుపోయాడు. తలుపు వేశాక కూడా చాలాసేపు రొప్పుతూనే ఉన్నాడు.

"పాక పోతే తాటాకులు తెచ్చి నేసుకుంటాం," అన్నాడు చివరికి. "నిన్ను నేసేవాడు ఎక్కడ దొరుకుతాడే పిచ్చిదానా?"

గాలి వెలిశాక దానమ్మ కొబ్బరినూనె తెచ్చి కోడలి చేతులకి రాసింది. రాట గీరుకున్న చోట తోలు లేచింది. ఆ గీతల కిందే, అరచేతికి అడ్డంగా, తాడు పట్టి కాచిన పాత కాయ ఒకటి గట్టిగా తగిలింది. దానమ్మ దాన్ని బొటనవేలితో ఒత్తి చూసింది.

"నేను గూడెం నుంచి కాపరానికొచ్చిన కొత్తలో," అంది నెమ్మదిగా, "రైలు కూత వినపడితే చాలు, చేతిలో పని వదిలేసి వీధిలోకి వెళ్లి నించునేదాన్ని. అది అటు పోతందా ఇటు వస్తందా అని. మీ మావయ్య నవ్వేవారు."

"ఎప్పుడు మానేశారండీ?"

దానమ్మ నూనెసీసాకి బిరడా బిగించుకుంటూ కూర్చుంది. 

ఆ తరవాత రోజులు కదల్లేదు. ఊళ్లో ఎవరిని కదిలించినా గాలి కబుర్లే. ఎవరి పశువులపాక కూలిందో, ఎవరి మామిడితోట రాలిందో చెప్పుకుంటున్నారు. కొల్లేటివైపు కబురు మాత్రం ఎవరూ తేలేదు. చెరువులూ బోదెలూ ఎండిపోయే ఈ రోజుల్లో చేపలమ్మేవాళ్లు కూడా తక్కువే వస్తారు. రత్నం గేటు దగ్గర నిలబడడం, దానమ్మ చూసీ చూడనట్టు ఉండడం రోజూ జరుగుతోంది.

చివరికి ఒక పొద్దుట ఏడుకొండలు కావిడి దింపాడు. బురదగుంటల్లో పట్టిన కొర్రమేనులు తట్టలో ఇంకా కదులుతున్నాయి. అతనిది రత్నం పుట్టింటి పక్క దిబ్బే.

"అందరూ బాగున్నారా మావా? ఇల్లుందా?"

"ఉందమ్మా, ఉంది. కూర్చో ముందు. వాయవ్యం పక్క కప్పు కాస్త లేచిపోయింది. వల చిరిగింది. మళ్లీ కుట్టుకుంటన్నారు."

"ఆ మూల ఎవరు పట్టారు?"

ఏడుకొండలు దానమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, చెంబు కింద పెట్టాడు. "ఎవరున్నారమ్మా పట్టడానికి? మీ నాన్న రోలు దొర్లించుకొచ్చి దానికి కట్టాడు తాడు. రోలు కూడా జరిగిందనుకో. అంత గాలి."

తట్టలో నీళ్లు చిలకరించి మళ్లీ అన్నాడు. "మా ఇల్లు పట్టుకుని నేనూ వేలాడతన్నాను కదా, మీ నాన్న కేకలు నాకు వినపడతానే ఉన్నాయి. మీ అత్తని పిలిచాడు. పలికింది. మీ అమ్మని పిలిచాడు. పలికింది. తరవాత నీ పేరు పెట్టి పిలిచాడు. ఆగాడు. మళ్లీ పిలిచాడు. గాలి తగ్గాక అడిగాను, ఎవర్నయ్యా పిలిచావు, రోల్నా అని. నవ్వాడు. నోటికొచ్చేసిందిరా అన్నాడు. ఆ మాట నీకు చెప్పొద్దంది మీ అమ్మ. నేను చెప్పేశాను."

"ఇంకా రోహిణి రాలేదు మావా," అంది రత్నం.

"రాలేదు. ముందుంది అసలుది."

అరుగు మీద కూర్చున్న యేసుదాసు అంతా విన్నాడు. రోలు మాట వచ్చినప్పుడు అతని పెదాలు కదిలాయి. రత్నం అతను విసిరే మాట కోసం చూసింది. దానమ్మ కూడా చూసింది. రాలేదు. అతను లేచి, ఏడుకొండలు కావిడిని భుజానికెత్తి ఇచ్చాడు.

ఆ రోజు భోజనం దగ్గర, చేపపులుసు కలుపుకుంటూ అడిగాడు. "తాడు నడుముకి ఎన్ని చుట్లు చుడతారు?"

వెనక ఏదో వేళాకోళం ఉందనుకుంది రత్నం. "ఒక్క చుట్టేనండీ. రెండు చుడితే, కప్పు లేచిపోయినప్పుడు విడిపించుకోలేం."

"గాలికి ఎదురుగా నించుంటారా, వీపు పెట్టా?"

"వీపు పెట్టి. ఎదురుగా అయితే దుమ్ముకి ఊపిరాడదు."

ఆ తరవాతి మాట కోసం ఆగింది. అతను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే రత్నం పిండి కలిపి, పంచె మీద మళ్లీ కొత్తగా వడియాలు పెడుతోంది. యేసుదాసు చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చాడు. నూతి దగ్గరికి వెళ్లి, చేదకి కట్టిన కొబ్బరితాడు ముడి విప్పాడు. గిలక మీంచి తాడంతా లాగి, మోచేతికి చుట్టచుట్టుకుని, భుజాన వేసుకున్నాడు.

"ఒరేయ్, అది నూతితాడురా," అంది దానమ్మ. "అది పట్టుకుపోతే నీళ్లెట్టా తోడుకోను? ఏరా, నిన్నే! ఎక్కడికి?"

అతను వినపడనట్టే వచ్చాడు. దానమ్మ కొడుకు భుజం మీది తాడు వంక చూసి, ముడి విప్పిన చేదని తీసి పక్కన పెట్టింది. కాసేపటికి "పక్కింటివాళ్ల తాడు అడుగుతాలే," అంది తనలో తను అనుకున్నట్టు.

యేసుదాసు వడియాల పంచె దగ్గర ఆగాడు. నాలుగు మూలలూ చూశాడు. వాయవ్యపు బండరాయిని కాలితో కొంచెం సరిగా జరిపి, గేటు వైపు నడిచాడు.

రత్నం లేచి నిలబడింది. అతనికి చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఆ మూలలో నేల కుడివైపు జారుతుంది, ఎడమ మడమ ముందు పెట్టమని. నాన్న పిలుపు గాలికి చిన్నగా వినపడుతుందని. రెండోసారి పిలిపించుకోకుండా జవాబు చెప్పమని. ఏ పేరు పెట్టి పిలిచినా సరే పట్టానని అనమని.  పిండి తడి చేతులు రెండూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయి.

గేటు దగ్గర అతను ఎప్పుడూ ఆగుతాడు. వెనక్కి తిరిగి ఏదో అంటాడు. రత్నం ఎదురుచూసింది.

అతను ఆగలేదు. గేటు తోసుకుని వీధిలోకి దిగాడు. వీధి చివర కుడివైపు తిరిగితే బజారు, స్టేషను. ఎడమవైపు కొల్లేటి దారి. భుజాన తాడు సర్దుకుని, ఎడమవైపు తిరిగాడు.