స్తోయ్నా తినేసిన సాక్ష్యం

సెప్టెంబరు వచ్చిందంటే మా ఊళ్ళో ఏ పెరట్లో చూసినా పొగే. ల్యూతెనిత్స అనే మిరపకాయల పచ్చడి చెయ్యడం ఒక పూటలో అయ్యే పని కాదు, ఒక మనిషి వల్ల అయ్యే పనీ కాదు. కండపట్టిన ఎర్ర మిరపకాయలు బస్తాలకొద్దీ తెచ్చి, రేకు మీద కాల్చి, తొక్కలు ఒలిచి, టమాటాలతో కలిపి మరలో తిప్పి, రాగి కాగులో పోసి కట్టెల మంట మీద ఉడికించాలి. ఎవరో ఒకరు తెడ్డుతో కలుపుతూనే ఉండాలి. తెడ్డు గీసిన దారి వెంటనే పూడుకుపోకుండా నిలిచిందంటే పచ్చడి అయినట్టు. మొదటి కాగు దించి సీసాల్లోకి ఎత్తేలోపు రెండో కాగు పొయ్యెక్కుతుంది.

మూతలు బిగించేటప్పుడు మాత్రం నోరు జాగ్రత్తగా పెట్టుకోవాలి. మూత మీద చెయ్యి వేసినప్పటినుంచి చెయ్యి తీసేదాకా చుట్టుపక్కల ఏం వినబడితే అది సీసాలో ఉండిపోతుంది. చలికాలంలో మూత టక్కుమని ఊడగానే ఆ మాటలు ఒక్కసారి వినబడతాయి. ఒక్కసారే. తర్వాత రొట్టె మీద రాసుకుని తినడమే. ఒక ఏడు పోస్టుమాన్‌కి మర్యాద చేద్దామని ఒకావిడ సీసా తీస్తే, అది పోస్టుమాన్‌నే సోమరిపోతు అని తిట్టింది. ఆయన ఇంకో రెండు ముక్కలు అడిగి తిని మరీ వెళ్ళాడు.

బిగించే చేతిని బట్టి కూడా ఉంటుంది. దఫీనా చెయ్యి వడి. ఆమె సీసాల్లో సగం మాట పడితే గొప్ప. ఆమె వదిన స్తోయ్నాకి వేళ్ళ కీళ్ళు నొప్పి. గుడ్డ చుట్టి, ఆగి ఆగి తిప్పేది. అందుకే ఆమె సీసాల్లో మాటలు నిండుగా ఉండేవి.

స్తోయ్నాకి ఒక్కడే కొడుకు, వెనెలిన్. లారీ తోలేవాడు, మనుషుల గొంతులు అనుకరించి నవ్వించేవాడు. అతనికి ఇరవై ఆరేళ్ళప్పుడు, ఓ సెప్టెంబరు మధ్యాహ్నం మూడుంబావుకి, ఎనభై కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్నంలో ఒక మందుల షాపు యజమానిని ఎవరో కొట్టి చంపారు. అంతకు ముందు నెల వెనెలిన్ ఆ షాపుకి సరుకు దింపాడు. షాపులోంచి పరిగెత్తినవాణ్ణి చూశానన్న ఒకాయన, వరసలో నిలబెట్టిన అయిదుగురిలో వెనెలిన్ వైపు వేలు చూపించాడు.

ఆ వేళ వెనెలిన్ పెరట్లో తెడ్డు పట్టుకుని ఉన్నాడని తల్లీ, మేనత్తా కోర్టులో చెప్పారు. ఏ రోజని ప్లీడరు అడిగాడు. "మిరపకాయలు తెచ్చిన మూడో రోజు బాబూ," అంది స్తోయ్నా. "నాలుగో రోజండి," అంది దఫీనా. ఇద్దరూ నిజమే చెప్పారు. స్తోయ్నా తన మిరపకాయల లెక్క చెప్పింది, ఒక రోజు ముందు తెచ్చుకున్న దఫీనా తన మిరపకాయల లెక్క చెప్పింది. మా ఊళ్ళో సెప్టెంబరుకి తేదీలుండవు, మిరపకాయలే ఉంటాయి. కోర్టులో మాత్రం నవ్వారు. ఇరవై ఏళ్ళు వేశారు.

మరి సీసాల సంగతి ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. ఉప్పు ఉప్పగా ఉంటుందని కోర్టుకెళ్ళి ఎవరు చెబుతారు? అది వాళ్ళకి సాక్ష్యంగా తోచనే లేదు. పచ్చడిగా తోచింది.

ఆ ఏడు సీసాలు నలభై రెండు. మొదటి క్రిస్మస్‌కి స్తోయ్నా ఒకటి తీసింది. "ఉప్పు చాలు, అమ్మా, ఇంక వెయ్యకు," అన్నాడు వెనెలిన్ లోపలినుంచి. ఆమె కుర్చీలో కూలబడి, సీసా ఖాళీ అయ్యేదాకా తిని, అదే రాత్రి ఇంకోటి తీసింది. దాంట్లో దఫీనా తుమ్ము తప్ప ఏమీ లేదు.

జైలుకి నెలకోసారి వెళ్ళేది. అద్దానికి అవతల కూర్చున్న మనిషి ఏడాదేడాదికీ మారిపోయాడు. గొంతు బొంగురుపోయింది. ఊ అనేవాడు, సరే అనేవాడు, సిగరెట్లు తెమ్మనేవాడు. అవతల దొరకని కొడుకు కోసం ఆమె ఇంటికొచ్చి నేలమాళిగలోకి దిగేది. అతని పుట్టినరోజుకి ఒక సీసా. మంచు ఎక్కువ పడిన రోజు ఒకటి. ఏ కారణమూ లేని రోజు ఒకటి.

"ఇలా తింటూ పోతే ఏం మిగులుతుంది వదినా?" అని దఫీనా కసిరేది.

"నీ తుమ్ములు మిగులుతాయిలే," అనేది స్తోయ్నా.

తొమ్మిదో ఏడు, మార్చి నెలలో, రాలిత్సా అనే లాయరు అమ్మాయి వచ్చింది. పొరపాటు తీర్పులు తిరగదోడించే ఒక సంఘంలో పని చేస్తుంది. వేలు చూపించినాయనకి ఆ రోజుల్లో కంటిపొర ఉండేదని ఆసుపత్రి కాగితాలు సంపాదించింది. కానీ అదొక్కటే చాలదంది. వెనెలిన్ వేరేచోట ఉన్నాడని చూపించాలి, తల్లి మాట కాకుండా ఇంకేదైనా ఉండాలి.

స్తోయ్నా ముందు రొట్టె కోసి, జున్ను పెట్టి, కిందటి సెప్టెంబరు సీసా ఒకటి తీసింది. "ఆ పీట నాది, లే," అంది సీసాలోంచి దఫీనా.

"ఇప్పుడూ అదే అంటాను," అంది పక్కనే కూర్చున్న దఫీనా.

రాలిత్సా రొట్టె అందుకోబోయి ఆగింది. "మా అమ్మమ్మ సీసాలూ ఇంతే. నాకు గుర్తే రాలేదు చూడండి. అమ్మా, ఆ ఏటి సీసాలేమైనా ఉన్నాయా?"

"ఒకటుంది."

"ఒకటేనా? మిగతావి విన్నారు కదా, వాటిల్లో ఏముందో గుర్తుందా? ఆ రోజు ఫలానా తేదీ అని తెలిసే మాట ఏదైనా?"

స్తోయ్నా ఆలోచించింది. నాలుగో చలికాలంలో తీసిన సీసా గుర్తొచ్చింది. మా వైపు మధ్యాహ్నం మూడింటికి రేడియోలో డాన్యూబ్ నీటిమట్టం చదువుతారు. ఏ ఊరి దగ్గర ఎన్ని సెంటీమీటర్లు, నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా అని. నదితో పని లేనివాళ్ళు కూడా వింటారు, గడియారం సరిచేసుకోవడానికి. ఆ సీసాలో రేడియో ఆవిడ, "లోమ్ దగ్గర రెండు వందల పన్నెండు," అంటుంటే వెనెలిన్ అచ్చం ఆవిడ గొంతుతో, "మా అత్త నడుము దగ్గర మూడు వందల పన్నెండు, పెరుగుదల నాలుగు," అన్నాడు. స్తోయ్నా ఆ రోజు నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడ్చింది.

చెప్పింది. రాలిత్సా కలం పట్టుకున్న చెయ్యి బల్ల మీద ఆగిపోయింది. ఆ అంకెలు ప్రతి రోజూ వేరు. నది కొలిచేవాళ్ళ దగ్గర ప్రతి రోజుదీ పుస్తకంలో ఉంటుంది.

"ఆ సీసా..." అంది, జవాబు తెలిసి కూడా.

"తినేశాను తల్లీ," అంది స్తోయ్నా. "నా కొడుకు విడుదలని నేనే చెంచాతో గీక్కుని తినేశాను."

దఫీనా లేచి వెళ్ళి వదిన భుజం మీద చెయ్యి వేసింది.

మిగిలిన ఆ ఒక్క సీసా కోసం రాలిత్సా మూడుసార్లు రావలసి వచ్చింది. స్తోయ్నా ఇవ్వలేకపోయింది. అది ఆమె చావుకి దాచుకున్న సీసా. ప్రాణం పోయేముందు తియ్యమని దఫీనా చేత ఒట్టు వేయించుకుంది.

"దాంట్లో ఏమీ లేకపోతే?" అంది స్తోయ్నా, రాలిత్సా మూడోసారి వచ్చినప్పుడు.

"లేకపోతే లేనట్టే, అమ్మా. నేను అబద్ధం చెప్పను."

"ఉంటే మాత్రం? కోర్టులో పదిమంది మధ్య ఒక్కసారి వినబడి పోతుంది. ఇంక నాకు వాడు ఎక్కడ దొరుకుతాడు?"

"జైల్లో ఉన్నాడు కదమ్మా," అంది రాలిత్సా మెల్లిగా. "అక్కడ దొరుకుతాడు."

స్తోయ్నా లేచింది. నేలమాళిగలోకి దిగి, సీసాని ఉన్ని శాలువాలో చుట్టి తెచ్చి రాలిత్సా ఒళ్ళో పెట్టింది.

జూన్‌లో విచారణకి వచ్చింది. ముగ్గురు జడ్జీలు. వెనెలిన్‌ని జైలునుంచి తెచ్చి ఒక పక్కన కూర్చోబెట్టారు. సర్కారు ప్లీడరు లేచి, మూత మీద ఏడాది మాత్రమే రాసి ఉంది, రోజు లేదు అన్నాడు. పెద్ద జడ్జి సీసాని దీపం దగ్గర పట్టుకుని మూత నడుమ వేలితో నొక్కి చూశాడు. లోపలికి గుంటపడి, గట్టిగా ఉంది. "తెరిచింది కాదు," అన్నాడు. "ఎవరు తీస్తారు?"

స్తోయ్నాయే తీసింది. ఆ వేళ్ళతో రాలేదు. గుమాస్తా సాయం వస్తానంటే వద్దని, గుడ్డ చుట్టి మళ్ళీ తిప్పింది. టక్కుమంది.

ముందు మంట చిటపటలు. తర్వాత రేడియో ఆవిడ: "స్విష్టోవ్ దగ్గర నూట నలభై తొమ్మిది, తగ్గుదల అయిదు. రూసే దగ్గర నూట డెబ్భై ఆరు, తగ్గుదల మూడు." ఆ మాటల మీద స్తోయ్నా గొంతు, తొమ్మిదేళ్ళ కిందటిది: "వెనెలిన్, అడుగంటుతోంది చూడు." ఆ వెనకే నవ్వుతున్న మగ గొంతు: "కలుపుతూనే ఉన్నానమ్మా. నువ్వు నీ మూతల సంగతి చూసుకో."

అంతే. తర్వాత గదిలో మిరపకాయల వాసన మాత్రం మిగిలింది.

నది కొలతల పుస్తకం తెప్పించారు. ఆ సెప్టెంబరంతా వేలు పెట్టి వెతికితే ఆ నాలుగు అంకెలూ కలిసి ఉన్న రోజు ఒక్కటే దొరికింది, పదిహేనో తేదీ బుధవారం. మందుల షాపులో మనిషి చనిపోయిన రోజు. మూడింటికి ఇక్కడ కాగు కలుపుతున్నవాడు మూడుంబావుకి అక్కడికి ఎలా వెళ్తాడని పెద్ద జడ్జి అడిగాడు. సర్కారు ప్లీడరు కూర్చున్నాడు. మూడు వారాలకి తీర్పు వచ్చింది. పచ్చడి కోర్టు బీరువాలోనే ఉండిపోయింది.

జైలు గేటు దగ్గర వెనెలిన్ చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది. జుట్టు ముందువైపు పోయింది. తల్లి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంటే నిలబడ్డాడు. మేనత్త, "చిక్కిపోయావురా," అంటే, "ఊ," అన్నాడు. రాలిత్సా కారులో వెనక సీట్లో తల్లి పక్కన కూర్చున్నాడు. పొద్దుతిరుగుడు చేలు వచ్చాయి, వెళ్ళాయి. అరగంట పైన దారి గడిచింది.

"అమ్మా," అన్నాడు బొంగురుగా. "కోర్టులో ఆ సీసాలో మాట్లాడిన కుర్రాడెవరు?"

ముందు సీట్లో దఫీనా వెనక్కి తిరగబోయి, తిరగలేక, రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయింది. స్తోయ్నా కొడుకు ముఖంలోకి చూసింది. వేళాకోళం కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

"మనూరి కుర్రాడే నాన్నా," అంది. "ఆ వేళ పొద్దుటినుంచీ తెడ్డు వదల్లేదు. ఒక్క చుక్క మాడనివ్వలేదు."

వెనెలిన్ ఒళ్ళోని ప్లాస్టిక్ సంచి సర్దుకున్నాడు.

"మంచివాడిలా ఉన్నాడు," అన్నాడు.

"మంచివాడే," అంది స్తోయ్నా. అతను కిటికీ వైపు తిరిగాక అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.