మీట నొక్కితే అన్న

నేను ఒక మైకును. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, గాజువాకలో మైక్‌సెట్లు అద్దెకిచ్చే షాపులో పడి, ఎన్నికల సభల్లో నాయకుల నోటి తుంపరలన్నీ భరించాను. అంతకన్నా హీనమైన బతుకు ఉండదనుకున్నాను. అప్పుడే ఇద్దరు అన్నదమ్ములు నన్ను కొనుక్కుపోయి ఇండీ సంగీతం మొదలుపెట్టారు. ఇండీ అంటే ఏమిటని వాళ్లమ్మ అడిగితే, సినిమావాళ్లు పిలవకపోతే చేసేదని అన్న పైడిరాజు నిజాయితీగా చెప్పాడు.

పాట రాసేది, బాణీ కట్టేది పైడిరాజు. పాడేది తమ్ముడు సింహాద్రి. గొంతు బంగారం, తాళం మాత్రం దేవుడికే తెలియాలి. అన్న మూడు లెక్కపెట్టేలోపే పాట అందుకునేవాడు. ఒకసారి రికార్డింగులో అలాగే తొందరపడితే పైడిరాజుకు ఒళ్లు మండింది.

"ఏట్రా, ఆగు! నీకేటి, రైలెలిపోతందేటి?"

ఆ అరుపు కోసేయడం మరిచిపోయి పాటను నెట్‌లో పెట్టేశారు.

జనం ఊగిపోయారు. పాటకు కాదు, తిట్టుకు. టీషర్టుల మీద అదే, ఆటోల వెనక అదే. పైడిరాజు నిద్ర మానుకుని చెక్కిన చరణాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. కచేరీల్లో తిట్టు వచ్చేదాకా కేకలేసి, ఆ తర్వాత శ్రద్ధగా ఫోన్లు చూసుకునేవారు. రసికులంటే వాళ్లు!

"నాను తిట్టడానికి పుట్నేదురా" అని చివరికి పైడిరాజు స్టేజీ దిగిపోయాడు. తమ్ముడు కూడా దిగుతాడనుకున్నాడు, పాపం. సింహాద్రితో ఒప్పందం రాసుకున్న మ్యూజిక్ కంపెనీవాళ్లు ఆ తిట్టును ఒక మీటలో పెట్టారు. మీట నొక్కితే అన్న. అలగడు, అన్నం అడగడు. సింహాద్రికి అది సుఖంగానే ఉంది.

కొన్నాళ్లకు తనే ఒక పాట కట్టాడు. కంపెనీలో అందరూ అద్భుతమన్నారు. అతనికి నమ్మకం కుదరలేదు. నన్ను పట్టుకుని ఇంటికొచ్చి, రికార్డింగు పెట్టి, అన్న ముందు పాడాడు. తాళం తప్పింది, మాటలు నలిగాయి. నాకే సిగ్గేసింది. పాడటం అయ్యాక తలవంచుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు.

పైడిరాజు లుంగీ సర్దుకుని లేచాడు.

"సాలా బాగుందండి. టీ తాగెల్లండి."

పుట్టిన దగ్గర్నుంచి అన్న నోట 'ఒరే' తప్ప మరో పిలుపు ఎరగని సింహాద్రి, ఆ 'అండి' విని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. రికార్డింగు నడుస్తూనే ఉంది. ఆ ఏడుపంతా నేను జాగ్రత్తగా పట్టుకున్నాను.

కంపెనీవాళ్లు అంతా విని, ఇందులో తిట్టు లేదు, పనికిరాదని తుడిచేశారు.