నట్టింట్లో సరిహద్దు

మా మ్యూజియానికి వచ్చిన వాళ్లంతా ముందు అడిగే ప్రశ్న ఒకటే. ఇంత చిన్న ఇంటికి వీధివైపు రెండు తలుపులెందుకు?

అమెరికాలోని డకోటా మైదానంలో చెక్కలతో కట్టిన ఒంటిగది ఇల్లది. పొలాల మీదుగా వచ్చిన కంచె దాని వెనక గోడ దగ్గర ఆగి, ముందు గోడ నుంచి మళ్లీ మొదలై, రెండు తలుపుల మధ్యగా సాగిపోతుంది. నార్వే నుంచి వచ్చి ఈ ఇల్లు కట్టుకున్న అక్కచెల్లెళ్లు రాగ్నా, థియా పెళ్లిళ్లు కాకముందే బద్ధశత్రువులని, అందుకే ఎవరి తలుపు వాళ్లు పెట్టుకున్నారని ఊరంతా చెప్పుకుంటుంది. గైడుగా నేనూ అదే చెప్పేదాన్ని గానీ, నాకది మింగుడుపడేది కాదు. అంత పడని వాళ్లు ఒకే గదిలో ఎలా ఉన్నట్టు?

ఆ పగ మునిమనవల దాకా పాకింది. కంచెకు తూర్పు పొలం థియా మునిమనవడు ఓర్వల్‌ది, పడమటిది రాగ్నా మునిమనవరాలు లవాన్‌ది. ఇద్దరూ నా దగ్గర చదువుకున్నవాళ్లే. చర్చి విందులో ఒకరున్న బల్ల దగ్గర రెండోవాళ్లు కూర్చోరు. మ్యూజియం బోర్డు మీద ఎవరి ముత్తవ్వ పేరు ముందుండాలన్న తగువు ముదిరి ముదిరి, చివరికి ఇంటిని నడిమికి కోసి చెరో సగం పట్టుకుపోదామన్నారు. వాళ్లిద్దరూ ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

ఆ ఉదయం రంపాల లారీ వచ్చేలోగా సామాను తీస్తున్నాం. కథకు తగ్గట్టు మంచాలు రెండూ ఎదురెదురు గోడలకు ఆనించి పెట్టింది మా మ్యూజియం సంఘం వాళ్లే. నడిమి చాప ఎత్తాను. దాని కింద చెక్కల్లో లోతైన గుంటలు, నాలుగు ఇటు, నాలుగు అటు.

"ఓర్వల్, ఆ మంచం కాళ్లు ఈ గుంటల్లో పెట్టి చూడు."

"ఇప్పుడెందుకండీ టీచర్? బయటికి మోసేవేగా!"

"చెప్పింది చెయ్యి. చిన్నప్పుడూ ఇంతే నువ్వు, ప్రతిదానికీ ఎదురు ప్రశ్న."

లవాన్ కిసుక్కున నవ్వింది.

"నవ్వింది చాలు గానీ, నువ్వా రెండోది పట్టు."

రెండు మంచాలూ గుంటల్లో అచ్చంగా కూర్చున్నాయి. మధ్యలో చెయ్యి పట్టేంత సందు.

"కొట్టుకునేవాళ్లు ఇంత దగ్గరగా పడుకుంటారా?" అన్నాను. "ఇంతకీ కంచె ముందా, ఇల్లు ముందా?"

"ఇల్లే. అప్పటికి రెండు పొలాల మధ్య సర్కారు వాళ్ల సర్వే గీత ఒక్కటే ఉండేది" అన్నాడు ఓర్వల్.

లవాన్ మంచం మీద కూలబడింది. "సర్కారు ఊరికే ఇచ్చిన భూమైనా, అయిదేళ్లు ఎవరి భూమిలో వాళ్లు ఇల్లు కట్టుకుని పడుకుంటేనేగా పట్టా ఇచ్చేవాళ్లు. పెళ్లికాని ఆడపిల్లలకైనా అంతే."

ఈ సంగతి ఇక్కడ పుట్టిన ప్రతివాళ్లకూ తెలుసు. అయినా ఒక్కరికీ తట్టలేదు. మంచు తుపానుల్లో చెరో గుడిసెలో ఒంటరిగా పడి ఉండలేక, ఆ పిల్లలు సరిగ్గా గీత మీద ఇల్లు కట్టారు. అధికారి వస్తే చూపించడానికి చెరో తలుపు. రాత్రి ఎవరి భూమిలో వాళ్లు, పక్కపక్కనే. పగా కాదు, పాడూ కాదు! ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టాను.

వాళ్లు మాత్రం నవ్వలేదు. బయట లారీ హారన్ మోగింది.

"మా అమ్మ పోయినప్పుడు నువ్వు రాలేదు" అన్నాడు ఓర్వల్, నేలకేసి చూస్తూ.

"వచ్చాను. చర్చి బయట కారులో కూర్చున్నా" అంది లవాన్.

"లోపలికి రావచ్చుగా?"

"నువ్వు పిలుస్తావేమోనని చూశా. నువ్వు కారు చూశావు కూడా."

"చూశాను" అన్నాడు.

హారన్ మళ్లీ మోగింది. ఓర్వల్ గుమ్మంలోకి వెళ్లి గట్టిగా అరిచాడు.

"ఇల్లు కొయ్యట్లేదు, వెళ్లిపోవయ్యా! మా అక్కతో మాట్లాడుతున్నాను."